జిమ్ బలంతో నాన్నను ఎత్తుతున్నాను, ఆయన బిగుసుకుపోతున్నారు: ఎక్కడ తప్పు జరుగుతోంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను తమ్ముడూ. నాకు అర్థమైంది ఇది. మీకు 27 ఏళ్లు, బెంగళూరు మారతహళ్లిలో లిఫ్టు లేని బిల్డింగ్‌లో రెండో అంతస్తులో అద్దెకుంటున్నారు. నాలుగు నెలల కిందట నాన్నగారికి స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట సరిగ్గా రావడం లేదు. నంద్యాల నుంచి అమ్మానాన్నల్ని మీ దగ్గరికి తెచ్చుకున్నారు. మీరు జిమ్‌లో 120 కిలోల డెడ్‌లిఫ్ట్ చేస్తారు, నాన్న 72 కిలోలు. అందుకని మంచం నుంచి బాత్రూమ్‌కి, బాత్రూమ్ నుంచి కుర్చీకి చంకల కింద చేతులు పెట్టి ఎత్తి తీసుకెళ్తున్నారు. ఆయనేమో కట్టెలా బిగుసుకుపోతున్నారు. పోయిన వారం ఎడమ చేత్తో మీ చెంప మీద కొట్టారు. రాత్రి ఒంటరిగా లేవబోతే మీరు భుజాలు రెండూ పట్టి పడుకోబెట్టారు, అది చూసి అమ్మ ఏడ్చింది. "ఆయన కోసం చెయ్యగలిగింది ఈ ఒక్కటే, అదీ తప్పేనా?" అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. నాన్నను ఎత్తడం రేపటి నుంచి ఆపేయండి. ఆయనే లేస్తారు, మీరు పక్కన స్పాటర్‌లా ఉండండి. మీరు జిమ్‌కి వెళ్తారు కాబట్టి ఆ మాట వాడాను. బెంచ్ ప్రెస్ చేసేవాడి తల దగ్గర నిలబడ్డవాడు ఏం చేస్తాడు? చేతులు బార్ కింద సిద్ధంగా పెట్టుకుంటాడు, ముట్టుకోడు. చేసేవాడు ఆగిపోతే రెండు వేళ్లతో కొంచెం సాయం పడతాడు. నిజంగా పడిపోతుంటేనే మొత్తం పట్టుకుంటాడు. తొందరపడి ముందే బార్ లాక్కునే స్పాటర్ మీకు నచ్చుతాడా? ఇప్పుడు నాన్న విషయంలో మీరు చేస్తున్నది అదే.

నేను బెంగళూరులో 19 ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. అందులో సగానికి పైగా ఇళ్లకు వెళ్లి చేసిందే. కె.ఆర్. పురం, హొరమావు, బీటీఎం, జయనగర్, ఎక్కడ పిలిస్తే అక్కడికి. నా బరువు 54 కిలోలు. 90 కిలోల మనుషుల్ని కూడా మంచం మీద నుంచి లేపి నిలబెట్టాను. నిజానికి వాళ్లే లేచారు, నేను దారి చూపించాను. కాబట్టి ఇది కండల లెక్క కాదని నా ఒంటితోనే చెప్పగలను.

ఇప్పుడు ఆయన ఎందుకు బిగుసుకుంటున్నారో చెబుతాను. మీ మీద కోపంతో మాత్రం కాదు, ఆ బెంగ వదిలెయ్యండి.

స్ట్రోక్ తర్వాత పడిపోయిన వైపు కండరాల్లో ఒక మార్పు వస్తుంది. మేం దాన్ని స్పాస్టిసిటీ అంటాం. మెదడు నుంచి వచ్చే అదుపు తగ్గడంతో, కండరాన్ని సాగదీసినప్పుడల్లా అది తిరిగి ముడుచుకోవాలని చూస్తుంది. ఇందులో అసలు విషయం వేగం. మెల్లగా సాగదీస్తే ఆ కండరం చాలావరకు మాట వింటుంది. గబుక్కున లాగితే అంతే గట్టిగా ఎదురు తిరుగుతుంది. ఆయన వద్దనుకున్నా సరే, ఒళ్లు తనంతట తాను బిగుస్తుంది. మీరు మూడు సెకన్లలో ఎత్తేస్తున్నారు. అదే పని ముప్పై సెకన్లు తీసుకుని చేస్తే ఆ బిగువు సగం కనపడదు. నెమ్మదితనం మర్యాద కోసం మాత్రమే అనుకోకండి, ఆ కండరాలకు అర్థమయ్యే భాష అదొక్కటే.

భయం కూడా ఉంటుంది. చంకల కింద చేతులు పెట్టి లేపినప్పుడు కాళ్లు నేలను వదిలేస్తాయి. కుడి వైపు స్పర్శ సరిగ్గా తెలియని మనిషికి అది గాల్లో వేలాడదీసినట్టు ఉంటుంది. "ఆగు" అనడానికి మాట లేదు. ఇక మిగిలింది ఎడమ చెయ్యి. ఆయన కొట్టిన దెబ్బను మాట అనుకోండి తమ్ముడూ. నోటితో రాలేక చేత్తో వచ్చిన మాట.

మూడోది మీరు గమనించి ఉండరు. రోజుకు ఆరేడు సార్లు నాన్న మంచం దిగాలి కదా. ఆ ఆరేడు సార్లూ ఆయనకు కసరత్తే. స్ట్రోక్ వచ్చిన మొదటి కొన్ని నెలల్లో మెదడు కొత్త దారులు వెతుక్కోవడం ఎక్కువగా జరుగుతుంది, ఆ తర్వాత కూడా నెమ్మదిగా సాగుతుంది. నాలుగో నెల అంటే ఇంకా చాలా విలువైన సమయం. చెయ్యబోయే పనినే మళ్లీ మళ్లీ చేస్తే ఆ పని వస్తుంది. మీరు ఎత్తిన ప్రతిసారీ ఆ కసరత్తు మీ ఒంటికి పోయింది, ఆయనకు రావలసింది ఆయనకు రాలేదు.

నా సొంత తప్పు ఒకటి చెప్పాలి.

మాది మదనపల్లె. మా నాన్న టమాటా మార్కెట్‌లో హమాలీ. ముప్పై ఏళ్లకు పైగా లారీలకు బాక్సులు ఎక్కించిన మనిషి. ఆయన వీపు మీద నిలబడి మా తమ్ముడు గోడ మీది గాలిపటం తీసుకునేవాడు. అలాంటాయనకు స్ట్రోక్ వచ్చి ఎడమ వైపు పడిపోయింది. అప్పటికి నేను ఈ పనిలో ఐదేళ్ల అనుభవం ఉన్నదాన్ని. సెలవు పెట్టి వెళ్లాను. తిరిగి బెంగళూరు బస్సు ఎక్కాల్సిన రాత్రి, హడావిడిలో, ఆయన్ను మంచం మీద పైకి జరపాలని చంకల కింద చేతులు దూర్చి ఒక్క గుంజు గుంజాను. పేషెంట్లకు ఎప్పుడూ చెయ్యని పని మా నాన్నకు చేశాను. ఆయన ఏమీ అనలేదు. మూడో రోజు అమ్మ ఫోన్ చేసి, చొక్కా తొడుగుతుంటే ఎడమ భుజం ముట్టనివ్వడం లేదని చెప్పింది.

పడిపోయిన చేతి భుజం కీలును పట్టి ఉంచే కండరాలు వదులైపోయి ఉంటాయి. చేతి ఎముక పైనున్న బంతి, భుజం గిన్నెలోంచి కొంచెం కిందికి జారి ఉంటుంది. ఆ చేతిని పట్టి లాగినా, చంక కింద నుంచి పైకి ఎగదోసినా కీలు చుట్టూ ఉన్న పొర సాగిపోతుంది. ఆ నొప్పి ఒకసారి మొదలైతే నెలల తరబడి వదలదు. మా నాన్నకు ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ ఆ చేతికి సరిగ్గా కసరత్తు చేయించలేకపోయాం. ఆయన చెయ్యి తిరిగి రావలసినంత రాలేదంటే అందులో నా భాగం ఉందని నేను నమ్ముతాను.

తర్వాతి నెల వెళ్లినప్పుడు పక్కన కూర్చుని క్షమించమని అడిగాను. ఆయన చెప్పింది ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మూట ఎత్తే ముందర పక్కనోడికి మాట చెప్పల్ల గదమ్మా. మార్కెట్‌లో ఇద్దరం కలిసి లేపుతాం. ఒకడు ఊ అంటాడు, ఇంకోడు ఊ అంటాడు, అప్పుడే మూట లేస్తాది. మాట లేకుండా లేపితే ఎవుడో ఒకడి నడుము పోతాది." హమాలీలకు తెలిసిన సంగతి, డిగ్రీ చదివిన నేను మర్చిపోయాను.

ఇక మీ నాన్నగారికి మాట రావడం లేదన్నారు. కుడి వైపు పడిపోయినవాళ్లలో ఇది ఎక్కువగా చూస్తాం, ఎందుకంటే చాలామందికి మాటను నడిపే భాగం మెదడులో ఎడమ వైపు ఉంటుంది, కుడి చెయ్యి కాలును నడిపేదీ ఎడమ వైపే. తెలివి పోయిందని అనుకోకండి. మాట వెతుక్కోవడం కష్టమవుతోంది, మీరు పొడుగ్గా మాట్లాడితే అందుకోవడమూ కష్టం కావచ్చు. అందుకని చిన్న మాటలు, చేతి సైగతో కలిపి. "నాన్నా, బాత్రూమ్?" అని అడిగి ఆగండి. మనసులో పది లెక్కపెట్టే దాకా మళ్లీ అడగొద్దు. చాలామంది కొడుకులు రెండు సెకన్లకే రెండోసారి అరుస్తారు, ఆయనకు చెవుడు లేదు కదా.

ఇక్కడ మీకు పనికొచ్చే ఒక చిత్రమైన సంగతి ఉంది. అలవాటుగా వరసలో వచ్చే మాటలు, అంటే అంకెలు, వారాల పేర్లు, చిన్నప్పటి పాటలు, మాట పోయినవాళ్లలో కూడా చాలాసార్లు మిగిలి ఉంటాయి. జయనగర్‌లో ఒక రిటైర్డ్ క్యాషియర్‌కు కొన్ని నెలలు చేశాను. "నీళ్లు" అనలేరు, భార్య పేరు అనలేరు. నేను "ఒకటి..." అని మొదలుపెట్టి ఆగితే "రెండు, మూడు, నాలుగు" అని పది దాకా గబగబా అనేసేవారు. మొదటిసారి అన్న రోజు వాళ్లావిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అప్పటి నుంచి ఆయన లేవడానికి ముందు ముగ్గురం కలిసి లెక్కపెట్టేవాళ్లం. మూడు అనేది ఆయనే. ఆయన మూడు అన్నాకే నా చేతిలో బలం వచ్చేది. మీ నాన్నతో ప్రయత్నించండి. నోట రాకపోతే తల ఊపినా చాలు, ఎడమ చేత్తో మీ చెయ్యి ఒకసారి నొక్కినా చాలు. ఏదో ఒకటి ఆయన వైపు నుంచి రావాలి.

ఇప్పుడు చేసే పద్ధతి. నేను మీ నాన్నను చూడలేదు కాబట్టి ఒక్కసారి మీ ఫిజియో ఎదురుగా చేసి చూపించుకోండి. ఆయన ఎడమ కాలు ఎంత బరువు మోస్తుందో వాళ్లు చూసి చెప్పాలి.

ముందు ఆయన్ను మంచం అంచున కూర్చోబెట్టి ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉంచండి. పడుకున్న మనిషి ఉన్నట్టుండి నిలబడితే బీపీ పడిపోతుంది, బీపీ మందులు వాడేవాళ్లకు ఇంకా ఎక్కువ. కళ్లు తిరుగుతున్నట్టు మొహం పాలిపోతే మళ్లీ పడుకోబెట్టండి, డాక్టర్‌కు చెప్పండి. కాళ్లు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. మేజోళ్లు వద్దు, వెనక పట్టీ ఉన్న చెప్పులు లేదా వట్టి కాళ్లు. కుర్చీని ఆయన బాగున్న వైపు, అంటే ఎడమ పక్కన మంచానికి కొంచెం ఏటవాలుగా పెట్టండి. వీల్‌చైర్ అయితే బ్రేకులు వేసి, కాళ్లు పెట్టుకునే పలకలు పక్కకు తిప్పండి. తిరిగి మంచం మీదికి వచ్చేటప్పుడు కూడా మంచం ఆయనకు ఎడమ వైపే ఉండేలా కుర్చీని తిప్పి తెచ్చుకోవాలి. చాలా ఇళ్లలో ఇది మర్చిపోతారు, పొద్దున బాగా లేచిన మనిషి వెనక్కి వచ్చేటప్పుడు ఎందుకు కూలబడ్డాడో అర్థం కాక కంగారు పడతారు.

తర్వాత ఆయన మడమల్ని మోకాళ్ల కన్నా కొంచెం వెనక్కి జరపండి. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని రెండు చేతులూ ముందుకు చాపి వంగమనండి. ముక్కు కాలి వేళ్ల మీదికి వచ్చేంత వంగాలి. మనం కుర్చీలోంచి లేచేటప్పుడు తెలియకుండా చేసేది ఇదే. ముందుకు వంగకుండా ఏ మనిషీ లేవలేడు, మీరు కూడా నిటారుగా కూర్చుని లేచి చూడండి. మీరు ఆయన ఎదురుగా, కొంచెం కుడి వైపుకు నిలబడి మీ మోకాలితో ఆయన కుడి మోకాలిని ముందు నుంచి ఆపండి, అది మడిచిపోకుండా. మీ చెయ్యి ఆయన నడుముకు కట్టిన బెల్టు మీద ఉండాలి. సర్జికల్ షాపుల్లో ట్రాన్స్‌ఫర్ బెల్ట్ అని అడిగితే ఇస్తారు. లుంగీ ముడి పట్టుకుని లేపకండి, అది ఊడి వస్తుంది. ఊడితే పడతారు, పడకపోయినా సిగ్గుతో చచ్చిపోతారు.

ఒకటి, రెండు, మూడు. ఆయన లేస్తారు. మొదటి రోజు సగం లేచి కూర్చుండిపోవచ్చు. కూర్చోనివ్వండి, మళ్లీ లెక్కపెట్టండి. నిలబడ్డాక రెండు ఊపిరులు ఆగి, చిన్న చిన్న అడుగులతో ఎడమకు తిరిగి, కాళ్ల వెనక కుర్చీ తగిలాక, ఎడమ చేత్తో కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చోవాలి. ధబ్బున పడేయడం వద్దు. లేవడం కన్నా మెల్లగా కూర్చోవడమే కష్టమైన కసరత్తు, జిమ్‌లో మీకు తెలిసిందే.

పట్టుకునేటప్పుడు వేళ్లతో బిగించకండి, అరచెయ్యి మొత్తం ఆనించండి. స్ట్రోక్ తర్వాత చాలామందికి రక్తం పలచబడే మందులు ఇస్తారు, వేళ్లు బిగిస్తే అక్కడ నల్లగా కమిలిపోతుంది. పైగా వేళ్ల పట్టు లాక్కెళ్తున్నట్టు అనిపిస్తుంది, అరచెయ్యి తోడున్నట్టు అనిపిస్తుంది. పసిపిల్లల్ని ఎత్తుకునేవాళ్లకు ఇది ఎవరూ నేర్పరు, చేతికే తెలుసు.

మీ నడుము గురించి కూడా చెప్పాలి. 120 కిలోలు ఎత్తేవాడికి 72 కిలోలు ఎంత అనుకుంటున్నారు. మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110 కిలోలు ఒకసారి, 130 కిలోలు ఇంకోసారి ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ ఇనుముకు రెండు వైపులా సమానమైన బరువు ఉంటుంది, పట్టుకోవడానికి మధ్యలో కడ్డీ ఉంటుంది, అది భయపడదు, మధ్యలో చెయ్యి విదిలించదు. మనిషి అలా కాదు. అందుకే అమెరికాలో పనిచేసేవాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్, ఒక మనిషి చేతులతో పేషెంట్‌ను ఎత్తేటప్పుడు భారం 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు దాటకూడదని సూచించింది. అదీ అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు. బీటీఎంలో మీలాంటి కుర్రాడే ఒకడు అమ్మను బాత్రూమ్‌లో తడి నేల మీద ఎత్తబోయి నడుము డిస్కు పోగొట్టుకున్నాడు. నెలన్నర పాటు నేను ఆ ఇంట్లో రెండు మంచాల దగ్గర పని చేశాను. ఆ అమ్మకు తన కాలు కన్నా కొడుకు నడుము బాధే ఎక్కువైంది. "నా వల్లే" అని అన్నం మానేసేది.

మీ ప్రశ్నలో మీరు రాయనిది ఒకటి అడుగుతాను. వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్తానన్నారు. ఆ మూడు రోజులు నాన్నను ఎవరు ఎత్తుతున్నారు? అమ్మే కదా. ఆమెకు ఎన్నేళ్లు? మీ కండ మీద ఆధారపడిన పద్ధతి మీరు గడప దాటగానే ఆగిపోతుంది. ఆ భారం ఆమె నడుము మీద పడుతుంది, ఆమె మీకు చెప్పదు. కాబట్టి అమ్మ ఒక్కతే చెయ్యగలిగిన పద్ధతిని ఇంట్లో నిలబెట్టండి. శనివారం మీరు మంచం మీద కూర్చుని, అమ్మతో మిమ్మల్ని లేపించుకోండి. కుడి కాలు పడిపోయినట్టు నటించండి. ఆమె నాలుగుసార్లు చేస్తే ధైర్యం వస్తుంది. మీ బలం ఖర్చు పెట్టాల్సిన చోటు వేరే ఉంది. 20 లీటర్ల నీళ్ల క్యాన్ రెండో అంతస్తుకు మోసుకురండి. గ్యాస్ సిలిండర్ మార్చండి, సిమెంటు దిమ్మెలు తెచ్చి మంచం కాళ్ల కింద పెట్టండి, తడి దుప్పట్లు పిండండి. అవి బిగుసుకోవు.

ఇక రాత్రి సంగతి. ఇది మీరు ఎక్కువగా బాధపడుతున్న విషయమని తెలుసు.

ఆయన పడిపోతారేమోనని భుజాలు పట్టి పడుకోబెట్టారు. మీ ఉద్దేశం రక్షించడమే. కానీ చీకట్లో, మాట రాని మనిషికి, తనకన్నా బలమైన చేతులు మీద పడి నొక్కడం ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఊహించండి. రాత్రి లేవబోయే స్ట్రోక్ పేషెంట్లలో నేను చూసినంతవరకు ఎక్కువమందికి కారణం ఒకటే, మూత్రం. స్ట్రోక్ తర్వాత ఉన్నట్టుండి వస్తుంది, ఆపుకోవడం కష్టం. పక్క తడిస్తే కొడుకు ముందు సిగ్గు. అందుకే ఒంటరిగా లేవబోతారు. మీరు పట్టి పడుకోబెట్టిన ఆ రాత్రి, తర్వాత పక్క తడిసిందేమో గుర్తు చేసుకోండి.

యూరిన్ బాటిల్ ఆయన ఎడమ చేతికి అందే చోట, మంచానికి ఎడమ వైపు కట్టి ఉంచండి. పగలు రెండు మూడుసార్లు అలవాటు చెయ్యండి. చిన్న లైటు ఒకటి రాత్రంతా వెలగనివ్వండి. సాయంత్రం ఆరు తర్వాత టీ, కాఫీ వద్దు, పడుకునే ముందు ఒకసారి తీసుకెళ్లండి. ఎడమ చేతికి ఒక చిన్న గంట ఇవ్వండి, పూజలో మోగించేదే చాలు. ఆ గంట మోగినప్పుడు మీరు విసుక్కోకుండా లేవాలి. రెండు రాత్రులు విసుక్కుంటే మూడో రాత్రి ఆయన గంట మోగించరు. మంచానికి ఎత్తు కటకటాలు పెట్టించాలని కొందరు అంటారు. తెలివి సరిగ్గా ఉండి లేవాలని పట్టుదలగా ఉన్న మనిషి వాటి మీది నుంచి దాటబోయి ఇంకా ఎత్తు నుంచి పడతాడు, నేను చూశాను. మూత్రంలో మంట, జ్వరం, కొత్తగా గందరగోళం కనిపిస్తే ఇన్‌ఫెక్షన్ ఉందేమో డాక్టర్ చూడాలి.

ఒక్కోసారి ఆయన "వద్దు" అంటారు, తల అడ్డంగా ఊపుతారు. స్నానం వద్దు, కుర్చీ వద్దు. అపాయం లేనప్పుడు ఆ వద్దును వద్దుగానే తీసుకోండి, అరగంట ఆగి అడగండి. అశోకవనంలో హనుమంతుడు సీతమ్మను వీపు మీద ఎక్కించుకుని తీసుకెళ్తానన్నాడు. సముద్రం దాటి వచ్చినవాడు, ఆయనకు అది లెక్కా? ఆమె వద్దంది. ఆయన బలవంతం చెయ్యలేదు, ఆమె ఇచ్చిన చూడామణి తీసుకుని వెళ్లాడు. మా అమ్మ ప్రతి శనివారం ఈ కథ చెప్పేది. చిన్నప్పుడు నాకు సముద్రం దాటడమే గొప్పగా అనిపించేది. ఈ పనిలోకి వచ్చాక ఆ వద్దుకు తల వంచడమే ఎక్కువగా గుర్తొస్తుంది.

మెట్ల గురించి క్లుప్తంగా. రెండు అంతస్తులు ఎత్తుకుని దింపుతున్నానని రాశారు. దయచేసి ఆపండి, కాలు జారితే ఇద్దరూ పోతారు. మెట్లు నడిచేంత బలం వచ్చేదాకా ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజు గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు బెల్టు కట్టి, ముందొకరు వెనకొకరు పట్టుకుని దింపండి. నడిచే దశకు వచ్చాక ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. మీరు ఎప్పుడూ ఆయన కన్నా ఒక మెట్టు కింద ఉండాలి. మన బిల్డింగుల్లో మెట్లకు ఒక్క వైపే రెయిలింగ్ ఉంటుంది. ఎక్కేటప్పుడు ఎడమ చేతికి అందింది, దిగేటప్పుడు పనికిరాని కుడి చేతి వైపు వస్తుంది. ఓనర్‌ను అడిగి రెండో వైపు కూడా ఒక కడ్డీ వేయించుకోండి. పరిస్థితి చెప్తే నా పేషెంట్లలో చాలామంది ఓనర్లు ఒప్పుకున్నారు.

మీ బలం మొత్తం కావలసిన రోజులు కూడా ఉంటాయి. ఆయన పడిపోతుంటే అడ్డుపడి ఆపాలని చూడకండి, మీ ఒంటికి ఆనించుకుని మెల్లగా నేల మీదికి జారనివ్వండి, తల దెబ్బ తగలకుండా చూడండి. నేల మీద పడ్డ మనిషిని వెంటనే లేపొద్దు. తల దెబ్బ తగిలిందా, తొడ దగ్గర నొప్పి ఉందా, ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తోందా చూడండి. అలా ఉంటే తుంటి విరిగి ఉండొచ్చు. కదపకుండా 108కి ఫోన్ చెయ్యండి. రక్తం పలచబడే మందు వేసుకునే మనిషి తలకు దెబ్బ తగిలితే బయటికి ఏమీ కనపడకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. ఏమీ లేదనుకుంటే పక్కకు తిప్పి, ఎదురుగా కుర్చీ పెట్టి, ఎడమ చెయ్యి దాని మీద ఆనించి, మోకాళ్ల మీదికి, అక్కడి నుంచి ఎడమ కాలు ముందుకు. తొందర లేదు, నేల మీద దిండు పెట్టుకుని పది నిమిషాలు ఇద్దరూ కూర్చున్నా తప్పు లేదు. మూతి కొత్తగా వంకర పోవడం, ఇంకో చెయ్యి బలహీనపడటం, మాట ఇంకా తగ్గడం కనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగకండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అదీ స్కాన్ చూశాక. బెంగళూరు ట్రాఫిక్‌లో నాలుగున్నర గంటలు ఎంత త్వరగా కరిగిపోతాయో మీకు తెలుసు.

ట్రాఫిక్ అన్నాను కాబట్టి ఇంకొకటి. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటన్నర బండి హ్యాండిల్ బిగించి వచ్చిన చేతులతో నేరుగా నాన్న దగ్గరికి వెళ్లకండి. మొహం కడుక్కుని, నీళ్లు తాగి, ఐదు నిమిషాలు ఆయన పక్కన కూర్చోండి. ఏమీ చెయ్యొద్దు, కూర్చోండి. మీ టెన్షన్ మీ అరచేతుల్లోంచి ఆయన కండరాల్లోకి వెళ్తుంది, నేను రోజూ ముట్టుకుని చూసేదే ఇది. మీకూ నాలుగు నెలలుగా నిద్ర లేదు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోన్ చెయ్యండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో మొదలైంది, మన బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ దానికి ప్రధాన కేంద్రం. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఒక కొడుకుగా మీరు చేస్తున్నది తక్కువ పని కాదు తమ్ముడూ. ఉద్యోగం చేసుకుంటూ, నాన్నను తెచ్చుకుని, చెంపదెబ్బ తిని కూడా, తప్పు ఎక్కడుందని అడిగారు.

ఇంకో చిన్న పని చెయ్యండి. మంచం మీద నాన్న కూర్చున్నప్పుడు పరుపు పైభాగం నేల నుంచి ఎన్ని అంగుళాలుందో కొలవండి. నాన్న పాదం నుంచి మోకాలి వెనక మడత దాకా ఎన్ని అంగుళాలో అదీ కొలవండి. పరుపు ఎత్తు దానికన్నా రెండు మూడు అంగుళాలు ఎక్కువుంటే లేవడం చాలా తేలిక. ఆ రెండు అంకెలు, ఆయన కాళ్లు నేలకు పూర్తిగా ఆనుతున్నాయా లేదా, ఇక్కడ రాయండి. మంచం కాళ్ల కింద ఎంత దిమ్మె పెట్టాలో చెబుతాను. రేపు పొద్దున "ఒకటి" అని మీరు అన్నప్పుడు ఆయన నోట ఏ అంకె వచ్చిందో కూడా రాయండి.